చూచి వ్రాయుట

పదవ తరగతి ముగించి మా పాఠశాల విడిచిపోవు విద్యార్థినీ విద్యార్థులలో పలువురు, ఇంటర్మీడియట్ పిదప మూడు త్రోవలలో ఒకదానిని పట్టుట మేము ఏటేట చూచుచున్నాము. కొందఱు ఉపాధ్యాయ శిక్షణకు పోవుదురు. కొందఱు డిగ్రీ తరగతులలో చేరుదురు. బాలికలలో పెక్కురును, ఇటీవల బాలురలో కొందఱును నర్సింగు కళాశాలలలో ప్రవేశింతురు. ఒకటి రెండేండ్లకు వారు సెలవులలో మమ్ము చూడ వచ్చినప్పుడు కుశల ప్రశ్నలు ముగియక మునుపే వారి నోట వెలువడు మాట యొక్కటే: "రికార్డులు రాయలేక ప్రాణం పోతోందండీ." పాఠములు కఠినముగ నున్నవని గాని, పరీక్షలు భయపెట్టుచున్నవని గాని వారు అంతగ వాపోవరు. వ్రాతపనియే వారి గోడు.

ఆ వ్రాతపనులను గూర్చి మా అభిప్రాయమును ఈ సంచికలో తెలుప నెంచితిమి. రాబోవు సంవత్సరములలో కళాశాలలకు పోవువారికిని, ఇప్పటికే పోయినవారికిని, వారికి ఆ పనులిచ్చు అధ్యాపకులకును ఇది ఉద్దేశింపబడినది. అధ్యాపకులు మా పత్రికను చదువుదురా యను సందేహము మాకు లేకపోలేదు. కాని మా పూర్వ విద్యార్థులలో కళాశాలాధ్యాపకులైనవారును కలరు గనుక ఒకరిద్దఱైనను చదువకపోరని మా యాశ.

తెలుగున "చూచి వ్రాయుట" యను మాటకు రెండర్థములు కలవు. బడిపిల్లల వాడుకలో అది ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుట; పట్టుబడినచో బెంచీ యెక్కవలసిన తప్పు. రెండవది, కన్నులతో చూచినదానిని కాగితముపై పెట్టుట. కళాశాలలలో ఇచ్చు వ్రాతపనులలో చాల భాగము ఈ రెండవ యర్థమున పుట్టినవి. నేడు అవి మొదటి యర్థములోనికి జారిపోయినవి. జారినదానిని మరల పైకి లాగవచ్చునని మేము నమ్ముచున్నాము.

ముందుగ ఈ పనులు ఎట్టివో చెప్పవలెను. ఉపాధ్యాయ శిక్షణలో ముఖ్యమైనది పాఠ్యపథకము. జర్మను పండితుడైన హెర్బార్టు (1776–1841) బోధనకు ఒక క్రమము నేర్పఱచెను. ఆయన ననుసరించినవారు దానిని సన్నాహము, ప్రదర్శనము, అనుసంధానము, సామాన్యీకరణము, వినియోగము అను ఐదు మెట్లుగ విస్తరించిరి. ఆ మెట్లు ఇంగ్లీషువారి శిక్షణ కళాశాలల మీదుగ మన దేశమునకు వచ్చి, పేళ్లు కొంత మారినను, నేటికిని మన విద్యార్థుల పుస్తకములలో నిలిచియున్నవి. 2014 నాటి నియమముల ననుసరించి బి.ఎడ్. చదువు రెండేండ్లది అయ్యెను. అందు 20 వారములు బడులలో గడపవలెనని విధించిరి. అన్ని వారములకును పథకములు, పరిశీలన పుస్తకములు, ఒక పిల్లవానిని గూర్చిన ప్రత్యేకాధ్యయనము మొదలగునవి వ్రాసి యొప్పగింపవలెను.

నర్సింగు విద్యార్థినులు వ్రాయునది సంరక్షణ పథకము. వారు కేర్ ప్లాన్ అందురు. రోగిని పరిశీలించుట, అతని అవసరమును నిర్ణయించుట, చేయవలసినదానిని యోచించుట, చేయుట, ఫలితము నరయుట, ఇచ్చటను ఐదే మెట్లు. దీనికి తోడు మందుల పుస్తకము, పనుల పుస్తకము, ఒక్కొక్క విభాగమునకు కొన్ని రోగి చరిత్రలు, చార్టులతో ఆరోగ్య బోధ. వీని కన్నిటికిని మూలము ఫ్లారెన్సు నైటింగేలు చెప్పినదే. ఆమె 1859 లో ప్రకటించిన నర్సింగు గ్రంథమున రోగిని పరిశీలించుటను గూర్చి ఒక ప్రకరణమే వ్రాసెను. మరుసటి సంవత్సరమున లండను నగరములోని సెయింటు థామస్ ఆస్పత్రియందు ఆమె పేర శిక్షణాలయము వెలసెను.

ఇక వ్యాసము. ఫ్రెంచి రచయిత మాంటేను 1580 లో తన రచనలకు పెట్టిన పేరునకు ప్రయత్నమని యర్థము. మన భాషలో సామినేని ముద్దునరసింహము నాయుడుగారి "హితసూచని" 1862 లో అచ్చయినది. వ్యాసములను ఆయన ప్రమేయములనిరి. ఏ పేరు పెట్టినను అది ఒకడు తన బుద్ధితో ఒక విషయమును పట్టి చూచుటయే.

ఇప్పుడు జరుగుచున్న దేమి? పట్టణములలో కళాశాలల యెదుటి జిరాక్సు దుకాణములకు పోయి యడిగినచో సిద్ధముగ నున్న రికార్డులు దొరకును. పుటకు ఇంత యని పుచ్చుకొని చేతివ్రాతతో వ్రాసియిచ్చువారును కలరు. గడచిన సంవత్సరపు అక్క పుస్తకము ఈ సంవత్సరపు చెల్లెలికి వచ్చును. ఆ అక్కకు దానిని అంతకు ముందటి అక్క ఇచ్చియుండును. ఇట్లు పది తరములు గడచిన పథకములో రోగి యెవరో, ఊరెయ్యదో, రోగమెట్లు తగ్గెనో ఎవరికిని తెలియదు. ఒక పూర్వ విద్యార్థిని మాకు తన పుస్తకము చూపెను. అందు ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడు ఒక ముసలమ్మను గూర్చి, పడకగదికి మేడమెట్లు ఎక్కునప్పుడు ఆమెకు ఆయాసము కలుగుచున్నదని వ్రాసియున్నది. ఆ ముసలమ్మ కాపురముండునది ఒంటిగది యిల్లు. మేడమెట్లు ఏదో విదేశపు పాఠ్యగ్రంథములోనివి. ఆ అమ్మాయియు నవ్వినది, మేమును నవ్వితిమి. పిమ్మట ఆ ముసలమ్మ కెట్లున్నదని యడిగితిమి. ఆ అమ్మాయికి తెలియదు.

నకలు వ్రాసినవాడు తన్ను తానే మోసగించుకొనునని పెద్దలు చెప్పుదురు. మేము ఆ మాటతో తృప్తి పడజాలము. లెక్కల పరీక్షలో నకలు వ్రాసిన బాలుడు తన చదువునే చెఱుపుకొనుచున్నాడనుకొందము. సంరక్షణ పథకము నకలు వ్రాసిన విద్యార్థిని యెదుట మంచముపై ఒక మనిషి యున్నాడు. పాఠ్యపథకము నకలు వ్రాసిన విద్యార్థి యెదుట నలువది మంది పిల్లలు నేల మీదనో బల్లల మీదనో కూర్చుండియున్నారు. వారిని చూడవలసిన సమయమున ఇతడు పుస్తకమును చూచుచున్నాడు. నష్టపోవుచున్నది వారు. వారి కా సంగతి తెలియనైనను తెలియదు.

అయినను విద్యార్థులను సోమరులని నిందించుట కూడ మాకు సమ్మతము కాదు. రాత్రి డ్యూటీ చేసి ఉదయము తరగతిలో కూర్చుండి సాయంకాలము వ్రాతపనికి దిగు పందొమ్మిదేండ్ల పిల్లను సోమరి యనువారు ఒక్క వారము ఆ పని చేసి చూడవలెను. మాకు తోచినంతవఱకు అసలు చిక్కు భాషలో నున్నది. మా బడిలో తెలుగున చదివి, ఇంటిలో తెలుగు మాటలాడిన బాలిక నర్సింగు కళాశాలలో నాలుగేండ్లు ఇంగ్లీషున వ్రాయవలెను. రోగితో తెలుగున మాటలాడి, చూచినదానిని తెలుగున తలచి, పుస్తకములో మాత్రము ఇంగ్లీషు పెట్టవలెను. చూచినదానికి ఇంగ్లీషు మాట తోచనప్పుడు ఆమె చేయునదేమి? అక్క పుస్తకమును తెఱచును. అందున్న ఇంగ్లీషు తప్పులేనిది, అధ్యాపకురాలు మెచ్చినది. తాను చూచినది మనసులోనే ఉండిపోవును. కొన్నాళ్లకు చూచుటయే మానిపోవును. మేము భయపడునది ఈ కడపటి దానికి.

కావున మా మొదటి సలహా ఇది: రోగి మంచము ప్రక్క తెలుగులోనే వ్రాసికొనుడు. జేబులో పట్టునంతటి చిన్న పుస్తకము చాలును. రోగి చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాయుడు. దానిని సంస్కరింపవలదు, గ్రంథ భాషలోనికి మార్చవలదు. (మా పత్రిక గ్రంథ భాషను విడువలేదు గాని రోగి నోటికి దానిని అంటగట్టవలెనని మేమెన్నడును అనము.) రోగి పేరు మాత్రము అందు వ్రాయకుడు, ఆ పుస్తకము ఇతరుల చేతికి చిక్కరాదు. ఇల్లు చేరిన పిదప నిఘంటువు దగ్గఱ పెట్టుకొని దానిని ఇంగ్లీషున పెట్టుడు. ఆ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగ నున్నను అది మీరు చూచినదై యుండును.

ఇందుకు బాధను తెలుపు మాటలనే దృష్టాంతముగ తీసికొందము. ఇంగ్లీషు పుస్తకములో నర్సు పిల్ల వ్రాయునది పెయిన్ అను ఒక్క మాట. తెలుగు రోగి అట్లనడు. చీము పట్టిన వ్రేలు సలుపును. తలయు, పన్నును పోటు పెట్టును. జ్వరము రాబోవునప్పుడు కాళ్లు తీపులు పుట్టును. పిక్కలు లాగును, కీళ్లు పీకును, నడుము కలుక్కుమనును, కడుపు మెలిపెట్టును, మూత్రము మంట పెట్టును, అరికాళ్లు తిమ్మిరెక్కును. ఈ మాటలలో ఒక్కొక్కటి వైద్యునకు ఒక్కొక్క దారి చూపును. సలుపు అన్న చోట చీము కొఱకు వెదుకవలెను; అరికాళ్ల తిమ్మిరి యన్న చోట మధుమేహమున్నదేమో యని యడుగవలెను. చదువురాని రోగి యిచ్చిన ఇంత సమాచారమును చదువుకొన్న పిల్ల ఒక్క ఇంగ్లీషు మాటలో ముంచివేయుచున్నది.

ఇది మాటల ముచ్చట మాత్రమే కాదు. గుండెజబ్బు వచ్చినవారిలో అందఱును నొప్పి యని చెప్పరు. ఱొమ్ము మీద బరువు పెట్టినట్లున్నదని కొందఱు, బిగబట్టినట్లున్నదని కొందఱు, ఎడమ చేయి లాగుచున్నదని కొందఱు అందురు. స్త్రీలలోను, మధుమేహము గలవారిలోను ఆయాసము, చెమటలు, వాంతి మాత్రమే కనబడుటయు కలదు. "నొప్పి ఉందా అమ్మా?" అని యడిగిన విద్యార్థినికి "లేదమ్మా, ఏదో బరువుగా ఉంది" అని ముసలమ్మ జవాబు చెప్పినదనుకొందము. పుస్తకములో నొప్పి లేదని పడును. ఆ బరువు ఎచ్చటను నమోదు కాలేదు.

ఊపిరి లెక్కించుట మఱియొకటి. విశ్రాంతిగ నున్న పెద్దవారు నిమిషమునకు సుమారు 12 నుండి 20 పర్యాయములు ఊపిరి తీయుదురు. రోగి పరిస్థితి చెడుటకు ముందు తఱచు తొలుత మారునది ఈ లెక్కయే. అయినను వార్డు కాగితములలో లెక్కింపకయే వ్రాయబడు అంకె కూడ ఇదియే. మంచము మంచమునకు 20, 20 అని వరుసగ పడియున్న కాగితములు ఆస్పత్రికి పోయినవా రెవరైనను చూడవచ్చును. లెక్కింపవలసినది నిండుగ 60 సెకండ్లు. లెక్కించుచున్నట్లు రోగికి తెలిసినచో అతని ఊపిరి తీరు మారును గనుక, నాడి చూచుచున్నట్లు మణికట్టు పట్టుకొనియే ఱొమ్ము కదలికను లెక్కింపవలెనని అనుభవజ్ఞులు నేర్పుదురు. ఒక్క నిమిషము పని. ఆ నిమిషము రోగి ప్రక్క నిలిచినవారికి మఱి యెన్ని విషయములు కనబడునో! పెదవులెండినవి, మంచి నీళ్ల సీసా ఉదయమున్నట్లే నిండుగ నున్నది. ఏల? మాటిమాటికి మరుగుదొడ్డికి తీసికొనిపొమ్మని ఎవరినైన అడుగవలసి వచ్చునని మొగమాటపడి నీళ్లు త్రాగుట మానుకొను ముసలివారు ఆస్పత్రులలో కలరు, అందును స్త్రీలు హెచ్చు. ఇది అక్క పుస్తకములో ఉండదు. సీసా వంక చూచి, కారణమడిగిన పిల్ల పుస్తకములోనే ఉండును. సంరక్షణ పథకమన నిజముగ ఇదియే. మిగిలినది గీతలు, గడులు.

మిషను పాఠశాలల బాలికలకును నర్సు వృత్తికిని మన నాట చాల కాలపు సంబంధము కలదు. డాక్టరు అన్నా కుగ్లరు 1883 లో గుంటూరునకు వచ్చి, 1898 నాటికి స్త్రీలకొఱకు ఆస్పత్రి తెఱచినది. వేలూరున ఐడా స్కడ్డరు 1909 లో నర్సుల శిక్షణ మొదలిడినది. దొరసానులైన వైద్యులకు రోగుల భాష తెలిసిన చేతులు కావలసి వచ్చినవి. నాటి మన బాలికల విలువ అందున్నది. నేటి బాలిక ఇంగ్లీషు రికార్డు కొఱకు ఆ విలువనే దాచిపెట్టుకొనుట మాకు కష్టముగ నున్నది.

ఉపాధ్యాయ శిక్షణ సంగతి దీనికి మిక్కిలి దగ్గఱది. పాఠ్యపథకమున ఒక వైపు ఉపాధ్యాయుడు అడుగు ప్రశ్నలు, మఱియొక వైపు విద్యార్థులు చెప్పు జవాబులు వ్రాయుదురు. మేము చూచిన పథకములలో దాదాపు ప్రతి పిల్లవాడును సరియైన జవాబే చెప్పును! అట్టి తరగతి లోకమున ఎచ్చటనైన నున్నచో అచ్చటికి ఉపాధ్యాయుడేల? నిజమైన తరగతిలో 52 లో నుండి 38 తీసివేయుమన్నచో కొందఱు 26 అందురు. అది తోచినట్లు చెప్పిన జవాబు కాదు. ఒకట్ల స్థానమున 8 లో నుండి 2 ను, పదుల స్థానమున 5 లో నుండి 3 ను తీసిరి. ఎక్కడ చూచినను పెద్ద అంకె నుండి చిన్న అంకెను తీయవలెనని వారి తలలో ఒక నియమ మేర్పడియున్నది. ఆ నియమము తెలియని ఉపాధ్యాయుడు "తప్పు, మళ్లీ చెయ్యి" అనును. పిల్లవాడు మరల చేయును, మరల 26 వచ్చును. అట్లే 0.4 కంటె 0.35 పెద్దదనువారు కలరు, 4 కంటె 35 పెద్దది గదా యని. మూడవ వంతు కంటె నాలుగవ వంతు పెద్దదనువారు కలరు.

శిక్షణలో నున్నవారు ప్రతి పాఠము పిదప గంట మ్రోగిన వెంటనే వరండాలో నిలువబడియైనను మూడు సంగతులు వ్రాసికొనవలెనని మా మనవి: ఆనాడు వినవచ్చిన తప్పు జవాబులు, అవి ఏల వచ్చినవో తమ ఊహ, ఆ గంటలో నోరు విప్పని పిల్లల గుర్తులు. ఇరువది వారములు ఇట్లు వ్రాసినవానికి ప్రత్యేకాధ్యయనమునకు పిల్లవాడెవడు దొరకునని వెదుకుకొను పని యుండదు. మూడవ వారమునకే అతడు కనబడియుండును. మఱునాటి పథకమును వ్రాయుటయు సులువగును. ఎక్కడ పిల్లలు జారుదురో తెలిసినవాడు ప్రశ్నలను అచ్చటనే పెట్టును.

వ్యాసములను గూర్చి క్లుప్తముగ చెప్పెదము. అడిగినదేమో చూడక కలము పట్టుట మొదటి దోషము. వివరింపుము, పోల్చుము, విమర్శింపుము, ఇవి మూడు వేఱు పనులు. మూటికిని ఒక్క జవాబు వ్రాయువారు పెక్కురు. రెండవది ఆకాశమున మొదలిడుట. నీటిపారుదలను గూర్చి వ్రాయుమనగ "నీరు సకల ప్రాణికోటికి ఆధారము" అని మొదలిడి పుట నింపును ఒకడు. వాడు పుట్టినది గోదావరి కాలువ గట్టున. 1847 నుండి 1852 వఱకు ధవళేశ్వరమున ఆర్థరు కాటను కట్టించిన ఆనకట్ట నీరు తన తాత పొలమునకు వచ్చుచున్నది. వంతు ఎప్పుడు వచ్చును, శివారు భూములకు నీరు ఏల అందదు, మోటారు పెట్టి తోడుకొనువారు ఎవరు, ఈ సంగతులు వాని కెఱుకయే. అవి వ్యాసమునకు తగవని ఎవరు చెప్పిరో మాకు తెలియదు. వీరేశలింగము పంతులుగారు 1874 లో "వివేకవర్ధని" పత్రిక పెట్టినది మొదలు తన యూరి కచ్చేరీలలోని లంచములను గూర్చి వ్రాసిరి. ఆ రచనలకు బలము అచ్చటి నుండి వచ్చినది. గ్రంథములను చదువవలదని మేమనుట లేదు. కాలువను చూచినవానికి గ్రంథములోని మాట పట్టుబడును.

భాషను గూర్చిన జంకు ఇచ్చటను కలదు. విద్యార్థులు ఏ తెలుగున వ్యాసములు వ్రాయవలెనను తగవు 1910 దశకమున మద్రాసు ప్రభుత్వము వఱకు పోయినది. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఆ తగవున వాడుక భాష పక్షము వహించిరి. నేడు కళాశాలలలో ఆ తగవు లేదు. వాడుక భాషయే చెల్లుచున్నది. అయినను విద్యార్థి తన మాటను తాను నమ్మకుండుట మాత్రము మారలేదు. అప్పుడు గ్రాంథికమునకు భయపడెను, ఇప్పుడు ఇంగ్లీషునకు భయపడుచున్నాడు.

ఈ భయమునకు ఇప్పుడొక క్రొత్త మందు వచ్చినది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడినది మొదలు అట్టి యంత్రములు సెల్ ఫోనులోనే వ్యాసములను, పాఠ్యపథకములను, సంరక్షణ పథకములను క్షణములలో వ్రాసి యిచ్చుచున్నవి. తెలుగునను వ్రాయును. అక్క పుస్తకమునకు, జిరాక్సు దుకాణమునకు పోటీ వచ్చినదని నవ్వుకొనవచ్చును గాని, సంగతి అంత తేలిక కాదు. అక్క పుస్తకములో నెన్నడో ఒక రోగి యుండెను. ఇందు ఎవరును లేరు. అదియుగాక ఇట్టి యంత్రము ఒక్కొక్కసారి లేని గ్రంథములకు పేళ్లు, లేని పండితులకు మాటలు కల్పించి ఏమాత్రము తొట్రుపడక చెప్పును. మందు మోతాదు విషయమున అట్టి పొరపాటు వచ్చినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. దానిని ముట్టవలదని మేము శాసింపము, శాసించినను వినువారు లేరు. మీరు తెలుగున వ్రాసికొన్నదానిని ఇంగ్లీషున పెట్టుటకు అది తోడ్పడవచ్చును. బోధపడని పాఠమును మఱియొక విధమున వివరింపుమని యడుగవచ్చును. ఆ వివరణను పాఠ్యగ్రంథముతో సరిచూచుకొనవలెను. రోగిని గూర్చిన మాటలు అందులో పెట్టునప్పుడు పేరు, ఊరు, గుర్తుపట్టు వివరములు ఏవియు పెట్టరాదు. ఆరవ నంబరు మంచము వారి నీళ్ల సీసా నిండుగ నున్నదని మాత్రము అది మీకు చెప్పజాలదు. మీరు దానికి చెప్పవలసినదే.

ఇక అధ్యాపకులకు రెండు మాటలు. తప్పులో సగము వారిదని మా అభిప్రాయము. కొంచెము హెచ్చనినను మాకు ఆక్షేపణ లేదు. రికార్డును పుటల లెక్కతోను, అంచు గీతల రంగుతోను, అట్ట సొగసుతోను తూచు చోట విద్యార్థులు పుటలను, రంగులను, అట్టలను సమర్పింతురు. పరీక్షాధికారి వచ్చినప్పుడు సంఖ్య తక్కువ యుండరాదు గదా యని కళాశాలలవారు సమాధానము చెప్పుదురు. నిజమే. కాని నియమము విధించిన సంఖ్యకు పైన మఱికొన్ని కలిపి వ్రాయించు ఆచారము ఎవరి యాజ్ఞ? విధించినవానిలోనైనను రెండింటిని మాత్రము లోతుగ పరిశీలించి, తక్కినవానిని సంక్షేపముగ వ్రాయనీయవచ్చును. పథకము నందుకొన్న పిదప విద్యార్థినిని నిలువబెట్టి ఐదు నిమిషములు అడుగవచ్చును: "ఆ ముసలమ్మ మొదటి రోజు ఏం తిన్నది? ఆమెతో ఎవరున్నారు? నిన్న ఏమన్నది?" చూచినపిల్ల చెప్పును. చూడనిపిల్ల చెప్పలేదు; ఆమెను దండింపక మరల వార్డునకు పంపవలెను. పాఠ్యపథకములో పిల్లల తప్పు జవాబులకు ఒక గడి పెట్టించి, ఆ గడికి మార్కులిచ్చినచో నకలు సగము తగ్గునని మా ఊహ. తన తరగతి తప్పులను మఱియొకని పుస్తకము నుండి ఎవడు తెచ్చుకొనగలడు? చిత్తు పుస్తకమును, అది తెలుగున నున్నను, కొట్టివేతలతో నున్నను, రికార్డుతో పాటు తెమ్మనవచ్చును. ఇందు దేనికిని డబ్బు ఖర్చు లేదు. అధ్యాపకుని కాలము మాత్రము పట్టును. అరువది మంది విద్యార్థులకు ఒక్కరే అధ్యాపకులున్న కళాశాలలలో అదియు కష్టమే యని మేమెఱుగుదుము. అట్టి చోట్ల వంతులవారీగ నైనను జరుగనిండు.

మా బడి గ్రంథాలయమున తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులు కలవు. అందు 1852 లో మొదట అచ్చయిన బ్రౌను దొర నిఘంటువు ప్రతియు ఒకటి కలదు. అది జనుల నోటి మాటలకును చోటిచ్చిన గ్రంథము గనుక నర్సింగు విద్యార్థినులకు మిక్కిలి ఉపయోగపడును. సెలవులలో వచ్చువారు సాయంకాలము నాలుగు గంటల నుండి ఆఱు గంటల వఱకు వచ్చి చూచుకొనవచ్చును. వచ్చునప్పుడు వార్డులలో రోగుల నోట విన్న బాధల మాటలను ఒక కాగితముపై వ్రాసి, ఏ ఊరివారు ఏ యర్థమున ఆ మాటను వాడిరో గుర్తుపెట్టి తెండు. మా వైపు తీపులన్నదానిని మఱియొక జిల్లాలో ఏమందురో మాకును తెలియదు. అట్టివి యాభై మాటలు చేరినచో రాబోవు సంచికలో అచ్చు వేయింతుము. రోగుల పేళ్లు మాత్రము వలదు.